తారీఖు ఎవరు రాసిపెట్టారు?

దినపత్రిక లోపలి పేజీల్లో ఒక మూల, రాశిఫలాల దాపున, 'చరిత్రలో ఈరోజు' అని చిన్న పెట్టె ఉంటుంది. నవంబరు 27 వచ్చిందంటే అందులో తరచుగా కనిపించే వాక్యం, కాకతీయ రాణి రుద్రమదేవి 1289లో ఆ రోజు మరణించిందని. ఏడు వందల ఏళ్ల కిందటి మనిషి ఫలానా రోజున పోయిందని ఇంత ధీమాగా ఎలా చెప్పగలుగుతున్నాం? ఆధారం నల్లగొండ ప్రాంతంలోని చందుపట్లలో దొరికిన ఒక శాసనం. రాణి సేనాని మల్లికార్జున నాయకుడి కొలువులో ఉన్న పువ్వుల ముమ్మడి అనే అతను, రుద్రమదేవికీ తన నాయకుడికీ శివలోకప్రాప్తి కోసమని అక్కడి దేవుడికి భూమి దానం చేశాడు. రాతి మీది శకవర్షాన్నీ మాసాన్నీ తిథినీ ఇంగ్లిషు క్యాలెండరులోకి మారిస్తే 1289 నవంబరు 27 వస్తుంది. రాణీ సేనానీ ఇద్దరూ కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో దానికి కొద్దిగా ముందు నేలకొరిగి ఉంటారని పి.వి. పరబ్రహ్మశాస్త్రి ఈ శాసనాన్ని పట్టుకుని వాదించారు. వాదన బలమైనదే, చాలామంది ఒప్పుకున్నదే. కాకపోతే శాసనంలోని రోజు రాణి పోయిన రోజు కాదు, ఒక బంటు తన ఏలికల పేర భూమి ధారపోసిన రోజు. పెట్టెలోకి ఎక్కేసరికి దానం జారిపోయింది, ముమ్మడి జారిపోయాడు, మరణం మిగిలింది.

ఇది ఒక్క రాణి విషయంలోనే జరిగి ఉంటే దిద్దుకుని ఊరుకోవచ్చు. నాకు మాత్రం ఇది ఆ పెట్టె రాసే పనిలోనే ఉన్న చిక్కు అనిపిస్తుంది. మన చేతికి అందిన తారీఖుల్లో చాలా వాటిని నిర్ణయించింది రాసిపెట్టినవాడి అవసరం. పల్లెల్లో ఒక తరం పెద్దవాళ్ల పుట్టినరోజులు చూడండి: జూన్ ఒకటో, జులై ఒకటో, కుప్పలు కుప్పలు. బడిలో చేర్చుకునేటప్పుడు పెద్దసారు ఏదో ఒక తేదీ వేసి రిజిస్టరు నింపాడు. ఆ తేదీ మీదే కొలువు, ఆ తేదీ మీదే రిటైర్మెంటు. తల్లికి గుర్తున్న రోజు వేరే ఉంటుంది, మక్కలు కోసే రోజులనో, చెరువు అలుగు పారిన ఏడాదనో. రాజ్యాల చరిత్ర దీనికి మినహాయింపేమీ కాదు. కాబట్టి ఈరోజు ఏం జరిగిందో రాసేవాడు, ఆ రోజని మనకు ఎలా తెలిసిందో, ఎవరు రాసిపెడితే తెలిసిందో కూడా ఒక ముక్క చేర్చాలన్నది నా వాదన. ఆ ముక్క లేనంతకాలం పెట్టెలో కనిపించేది దఫ్తరమే. కచేరీ ఉన్నచోట, గుమాస్తా ఉన్నచోట, గోడకు గడియారం ఉన్నచోట జరిగినవే అందులోకి నడిచివస్తాయి.

కొమురం భీం సంగతి తీసుకుందాం. జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఆయన బలైంది 1940లో. ఇందులో తేడా లేదు. ఏ రోజు అంటేనే తగువు. ఒకచోట సెప్టెంబరు 1 అని ఉంటుంది, ఇంకోచోట అక్టోబరు 27 అని ఉంటుంది. గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు. ఈ రెండు రకాల జ్ఞాపకాల్లో దేన్ని నమ్మాలన్నప్పుడు చదువుకున్నవాళ్ల చెయ్యి తనంతట తానే అంకెల వైపు పోతుంది. ఆకాశం మాత్రం ఆ అంకెల పక్షాన లేదు. 1940 అక్టోబరు 1న దక్షిణ అమెరికా, దక్షిణాఫ్రికాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. సూర్యగ్రహణం పట్టేది అమావాస్యనాడే. అక్కడినుంచి పక్షం రోజులు లెక్కబెడితే ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 16న పడుతుంది. ఒక నెల వెనక్కి జరిగితే సెప్టెంబరు 1 అమావాస్యకు ఆనుకుని ఉంటుంది. అక్టోబరు 27 ఏమో దీపావళి అమావాస్యకు మూడు రోజులు ముందు. అంటే గోండుల తిథి నిజమైతే అచ్చులో ఉన్న ఆ రెండు తేదీలూ నిలబడవు. పున్నమికీ అమావాస్యకీ ఉన్న తేడా అడవిలో బతికేవాళ్లు పొరబడే తేడా కాదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. జనం జ్ఞాపకం కూడా తేదీలను సర్దుతుంది. పున్నమికి అటూ ఇటూ జరిగిన చావును పున్నమినాడే తలచుకోవడం సులువు, నలుగురూ కూడే రోజు, రాత్రి నడకకు వెన్నెల ఉండే రోజు. తిథి కూడా ఒక రకం రిజిస్టరే, అందులోనూ పెద్దసారు ఉంటాడు. ఇది కాదనలేను. అందుకే భీం అక్టోబరు 16న చనిపోయాడని నేను రాయను. 'గోండుల ఆనవాయితీలో ఆశ్వయుజ పౌర్ణమి, ఆ ఏడు అక్టోబరు 16' అని రాస్తాను. పాఠకుడికి అంకె దక్కుతుంది, అది ఎవరు చెప్పిన అంకో కూడా తెలుస్తుంది. తారీఖులు వదిలేస్తే చరిత్ర పుక్కిటి పురాణమవుతుందనే వాళ్లతో నాకు పేచీ లేదు. 1922లో ఎల్.డి. స్వామికన్ను పిళ్లై క్రీ.శ. 700 నుంచి 1799 దాకా, పదకొండు వందల ఏళ్ల పంచాంగ పట్టికలు అచ్చువేశారు. శాసనాల్లోని తిథి, వారం, గ్రహణం ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూసి తేదీ తేల్చే పని ఆ పట్టికలతో తేలికైంది. పొసగనిచోట పొసగలేదని చెప్పే దారీ ఏర్పడింది. ఆ కష్టంలోంచి మనం అంకెను తీసుకున్నాం, సందేహాన్ని అక్కడే వదిలేశాం.

మా మెదక్‌కు ప్రపంచ పట్టికల్లో చోటు దక్కించే తేదీ డిసెంబరు 25. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన చర్చికి 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం, సీమనుంచి తెప్పించిన నేల పలకలు, రంగుటద్దాల కిటికీలు, అన్నీ ఆ ఒక్క తేదీకి వేలాడుతుంటాయి. ఆ రోజు అంత గట్టిగా నిలవడానికి కారణం తేలికే: దాన్ని ముందుగానే ఎంచుకున్నారు, జరిగాక రాసుకున్నారు. చర్చి లేచింది మాత్రం పదేళ్లపాటు, 1914 నుంచి. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికిన కట్టడమని ఊరు చెప్పుకునే ఆ పదేళ్లకు పెట్టెలో గడి లేదు. కొండమీది ఖిల్లాకైతే శంకుస్థాపన రోజూ తెలియదు, ప్రారంభోత్సవమూ తెలియదు. మంజీర మీద ఘనపురం ఆనకట్ట సంగతి ఇంకా చిత్రం. 1905 ప్రాంతంలో కట్టిన ఆ ఆనకట్టనుంచి మహబూబ్‌నహర్, ఫతేనహర్ కాలువలు వందేళ్లకు పైగా ఈ చుట్టుపక్కల వరి పండిస్తున్నాయి. మెదక్ చరిత్రలో ఇంతమంది కడుపు నింపిన పని ఇంకోటి చూపించడం కష్టం, అయినా తొలినీళ్లు వదిలిన రోజుకు వార్షికోత్సవం లేదు. దాని దిగువనే ఏడుపాయల వనదుర్గమ్మ జాతర శివరాత్రికి జరుగుతుంది, ఇంగ్లిషు తేదీతో దానికి పనే లేదు. తమాషా ఏమిటంటే సర్కారు కూడా ఒక్కోసారి జాతర పద్ధతికే దిగుతుంది. కొత్త జిల్లాలు, ఇప్పటి మెదక్ జిల్లా సహా, 2016లో దసరానాడు మొదలయ్యాయి. ఎంచుకున్నది విజయదశమిని, పట్టికలోకి ఎక్కింది అక్టోబరు 11. మరుసటి ఏడే దసరా సెప్టెంబరు 30న వచ్చింది. జిల్లా పుట్టినరోజు ఏదనాలో చెప్పమంటే కలెక్టరేటుకూ పూజారికీ ఒకే జవాబు ఉండదు.

రష్యా అక్టోబరు విప్లవాన్ని మన కమ్యూనిస్టులు నవంబరు 7న జరుపుకుంటారని, పాత క్యాలెండరు తేడా అని చాలామందికి తెలుసు. ఇంటి పక్కనున్న ఫసలీ తేడా మాత్రం తెలియదు. హైదరాబాదు రాజ్యం కాగితాలు ఫసలీ అనే వేరే క్యాలెండరులోనే నడిచాయి. 1317 ఫసలీ నాటి భూమిశిస్తు చట్టం పేరు తెలంగాణ రెవెన్యూ వ్యవహారాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం అన్నది అందరూ వాడే సూత్రం. కానీ ఆనాటి హైదరాబాదు ఫసలీ అజూర్ నెలతో, అక్టోబరు మొదట్లో ఆరంభమయ్యేది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద కూడా ఆ 1317 లోపలిదే. సూత్రాన్ని గుడ్డిగా నమ్మి 590 కలిపితే వరద ఒక ఏడాది ముందే వచ్చేస్తుంది. ఇప్పటి రెవెన్యూ ఫసలీ జులై ఒకటిన మొదలవుతుంది, కనుక పాత కాగితానికి కొత్త లెక్క వేసినా తప్పే. నిజాం కాలపు తేదీ ఒకటి అచ్చులో కనపడితే, అది మొదట ఏ క్యాలెండరులో రాశారో అడగడం చాదస్తం కాదు.

ఇదంతా పాత రాళ్ల, పాత కాగితాల గొడవ అనుకునేవారికి సెప్టెంబరు 17 ఉంది. కేంద్రం దాన్ని విమోచన దినం అంటుంది, 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో వచ్చిన పేరు ప్రజాపాలన దినోత్సవం. మరాఠ్వాడాలో అది ముక్తి సంగ్రామ దినం, కలబురగి వైపు కల్యాణ కర్ణాటక ఉత్సవం. పేరు మీద ఇంతగా కలియబడేవాళ్లందరూ తేదీ మీద మాత్రం ఏకమయ్యారు. నాకు అనుమానం కలిగేది అక్కడే. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సరిహద్దు దాటింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న అతని సేనాపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లాంఛనంగా లొంగిపోయాడు. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ నిజాం ఫర్మానా 1949 నవంబరులో వెలువడింది. కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరు 21న. వీటిలోంచి 17ను తీయడమంటే రాజు నోటిమాటను గీటురాయిగా పెట్టుకోవడం. సైన్యాన్ని పెట్టుకుంటే 18 వస్తుంది, చట్టాన్ని పెట్టుకుంటే మరుసటి ఏడు. ఆ 17 తరువాత జరిగిన హత్యాకాండకైతే రోజే దొరకదు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం జిల్లాలు తిరిగి, చనిపోయినవారు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా కట్టింది. అందులో ఎక్కువమంది ముస్లింలు. నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ఒక ఊళ్లో ఒకనాడు, ఇంకో ఊళ్లో ఇంకోనాడు జరిగిన చావులు అవి. అన్ని వేల ప్రాణాలు పోయినా దానికి 'ఈరోజు' అనేది లేదు గనుక పెట్టెలో ఒక లైను రాదు.

పత్రికాఫీసు వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. ఉన్నది రెండంగుళాల జాగా, చదివేవాళ్లలో సగంమంది గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు, వాళ్లకు కావలసింది ఒకే ఒక్క జవాబు. ఎ, బి, సి, డిల మధ్య 'ఆనవాయితీ ప్రకారం' అన్నదానికి చోటేది? జాగా ఇబ్బందిని నేను ఒప్పుకుంటాను, జవాబు ఇబ్బందిని ఒప్పుకోను. 'రుద్రమదేవి మరణాన్ని సూచించే చందుపట్ల శాసనం తేదీ' అని రాస్తే పెరిగేది నాలుగైదు మాటలు. దాన్ని చదివిన అభ్యర్థి తప్పుగా అడిగిన ప్రశ్ననూ గుర్తుపడతాడు. ఇక పండితుల ఈసడింపు ఒకటుంది: సంబంధంలేని వాటిని అంకె ఆధారంగా పక్కపక్కన పేర్చడం చరిత్రే కాదని. జులై 4 చూడండి. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టింది ఆ రోజు, 1946లో కడవెండిలో దొడ్డి కొమురయ్య దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు చనిపోయింది ఆ రోజు. కాలం, చోటు, కారణం ఏవీ కలవవు. ఇక్కడ నేను పెట్టె పక్షమే. మన్యం వైపు పాఠకుడికి కడవెండి, జనగామ వైపు పాఠకుడికి మన్యం ఒకే చోట ఎదురుపడేది ఏడాదికి ఆ ఒక్కనాడే. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు చెయ్యని పని కాకతాళీయం చేసిపెడుతోంది, చెయ్యనిద్దాం.

అందువల్ల పెట్టె ఉండాలి, దానిలో సరుకు మారాలి. పెద్ద తేదీల మీద కూచున్న సంఘటనలను కొంచెం విప్పి ఏడాదిలో అక్కడక్కడ నాటాలి. ఉదాహరణకు ఆగస్టు 15 పెట్టె ఏటా ఎర్రకోటతోనే నిండిపోతుంది. 1949లో అదే తేదీన హైదరాబాదు జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది, దాని పేరు మీద ఉన్న సంవత్సరం 1358 ఫసలీ. రాజ్యంలో నేరుగా సర్కారు కింద ఉండే దివానీ భూములు సుమారు అరవై శాతం ఉంటే, ముప్పై శాతం దాకా జాగీర్ల కింద, పదిశాతం నిజాం సొంత సర్ఫెఖాస్ కింద ఉండేవి. మెదక్ పక్కన పాపన్నపేట సంస్థానపు జ్ఞాపకం ఇంకా చెరిగిపోలేదు. జాగీరు ఊళ్లలో శిస్తు కట్టే రైతుకు సెప్టెంబరు 17 నాటి రాజు ప్రకటనకన్నా ఈ రెగ్యులేషన్ దగ్గరి సంగతి, ఎవరికి కట్టాలన్నది మారింది దానితో. తేదీ, ఫసలీ, రాసిన కచేరీ మూడూ కాగితం మీదే ఉన్నాయి, వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. వచ్చే ఆగస్టు 15న ఎర్రకోట కింద ఒక్క లైను జాగా ఇస్తే చాలు.