ప్యానెల్ వెనుక తీగల పొందిక

చిన్న విమానంలో పైలట్ ఎదుట ఉండే ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ ఎంత తీరుగా కనిపించినా, దాని నమ్మకమంతా వెనుక వైపు రేడియోను, జీపీఎస్‌ను, ఇంజిన్ సెన్సర్లను, స్విచ్చులను కలిపే తీగల మీదే ఆధారపడి ఉంటుంది. విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలన్నింటినీ కలిపి ఏవియానిక్స్ అంటారు; వాటి తీగలను సరళంగా అమర్చడమంటే సంఖ్య తగ్గించడమేనని చాలామంది భావిస్తారు గాని, ఈ పనిలో ఆరితేరినవారి కొలమానం వేరు. కొన్నేళ్ల తరువాత ఆ విమానాన్ని ఎన్నడూ చూడని మెకానిక్ ప్యానెల్ విప్పినప్పుడు, ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరినీ అడగకుండా తెలుసుకోగలిగితేనే అది సరళమైన వైరింగ్.

తీగల లోపం ప్రాణాల మీదికీ తేగలదు. 1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుంచి జెనీవాకు బయలుదేరిన స్విస్‌ఎయిర్ 111 విమానం, కాక్‌పిట్ పైకప్పు ప్రాంతంలోని తీగల వద్ద రేగిన నిప్పురవ్వతో మంటలు వ్యాపించి కెనడా తీరంలో కూలిపోగా, 229 మంది మరణించారు. ఇటువంటి ప్రమాదాల దర్యాప్తుల తరువాతే, తీగల సముదాయాన్ని ఇతర పరికరాలకు అనుబంధంగా గాక ఒక ప్రత్యేక వ్యవస్థగా పరిగణించే నిబంధనలను 2007లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ తీసుకొచ్చింది.

పని కాగితం మీద మొదలవుతుంది. ప్రతి పరికరం ఎన్ని ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుందో ముందు రాసుకొని, దానిని బట్టి తీగ మందాన్ని, బ్రేకరును నిర్ణయిస్తారు. 14 వోల్టుల వ్యవస్థలో నిరంతరం పనిచేసే పరికరానికి దారిలో అర వోల్టుకు మించి నష్టం రాకూడదన్నది ప్రామాణికమైన హద్దు. పూర్వం ఒక పరికరం ఇచ్చే సమాచారం మరొక దానికి చేరాలంటే ఒక్కొక్క సంకేతానికి ఒక్కొక్క తీగ లాగవలసి వచ్చేది. 1986లో బాష్ సంస్థ కార్ల కోసం ప్రవేశపెట్టిన క్యాన్ బస్ పద్ధతిలో పెనవేసిన రెండు తీగల మీదే అనేక పరికరాలు వంతులవారీగా సందేశాలు పంపుకుంటాయి. ఆ జంట రెండు కొసల్లోనూ 120 ఓముల నిరోధకాలు ఉండాలి, లేకపోతే సంకేతం కొసకు తగిలి వెనక్కి మళ్లి గందరగోళం చేస్తుంది. నేటి చిన్న విమానాల డిజిటల్ తెరలలో అనేకం ఈ పద్ధతినే వాడుతున్నాయి. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ రూపొందించగా 2021 సెప్టెంబరు 3న తొలిసారి ఎగిరిన రెండు సీట్ల హంస-ఎన్‌జీలోనూ ముళ్ల డయళ్ల స్థానంలో తెరలే వచ్చాయి.

అయితే అన్నింటినీ ఒకే తెరకు, ఒకే విద్యుత్ దారికి కట్టేయడం సరళత కాదు, సాహసం. ప్రధాన తెర ఆరిపోయినా విమానాన్ని నేలకు దించడానికి కావలసిన కనీస పరికరాలకు వేరే దారి, వీలైతే వేరే బ్యాటరీ ఉండి తీరాలి. ఎర్తింగు సంగతి దీనికి విరుద్ధం: అక్కడ దారులన్నీ ఒకే చోటికి చేరాలి. ఒక్కొక్క పరికరాన్ని దగ్గరున్న లోహపు చట్రానికి తగిలిస్తే వాటి మధ్య చిన్న వోల్టేజీ తేడాలు ఏర్పడి, ఆల్టర్నేటర్ వేగాన్ని బట్టి పెరిగి తగ్గే సన్నని ఈల పైలట్ చెవిలో వినిపిస్తూనే ఉంటుంది. రేడియోలోనే లోపముందనుకొని దాన్ని మార్చి డబ్బు పోగొట్టుకున్నవారికి కొదవ లేదు.

చేతిపని గొప్పతనం కనిపించేది కట్ట కట్టడంలో. ప్లైవుడ్ పలక మీద అసలు కొలతలతో బొమ్మ గీసి, మలుపుల దగ్గర మేకులు కొట్టి, వాటి వెంట తీగలు పరిచి, రెండు కొసలకూ ఒకే సంఖ్య గల పట్టీ వేస్తారు. విమానపు వణుకుకు టంకం వేసిన చోట తీగ బిరుసెక్కి విరిగే ప్రమాదం ఉంది గనుక, కొసలకు లోహపు పిన్నులు తొడిగి తగిన పనిముట్టుతో నొక్కి బిగించడమే (క్రింపింగ్) మేలైన పద్ధతి. ఆపై మైనం పట్టించిన దారంతో కొద్ది దూరానికొక కట్టు వేస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు మత్స్యకారుల వలలో లాగే ప్రతి ముడీ దేనికది బిగిసి ఉంటుంది గనుక ఒకటి తెగినా పక్కది జారదు. ప్లాస్టిక్ పట్టీల కత్తిరించిన మొనలు చేతులను గీరతాయి, తీగలను ఒరుస్తాయి. దారానికి ఆ దోషం లేదు. అంగారకుడి మీద తిరిగే క్యూరియాసిటీ రోవరులోని తీగలకూ దారపు కట్లే వేశారు.

సముద్రపు గాలి ఈ పనికి కఠినమైన పరీక్ష. అదే జిల్లాలోని భావనపాడు వంటి తీరాలలో పడవల మీది జీపీఎస్, బ్యాటరీ తీగల కొసలు విప్పితే రాగి మీద పచ్చని చిలుము కనిపిస్తుంది. అది తొడుగు లోపలికి పాకి, పైకి బాగానే ఉన్న తీగను పనికిరాకుండా చేస్తుంది. అందుకే విమానాలకు తగరం పూత గల రాగి తీగలను వాడతారు. కనెక్టరుకు ముందు తీగను కొంచెం కిందికి వేలాడేలా వంచి, చెమ్మ అక్కడే బొట్టుగా రాలిపోయేటట్లు చూస్తారు.

ఈ విద్య నేర్వడానికి రన్‌వే అక్కర లేదు. వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఉద్దానం యువకులు గల్ఫ్‌కు, సింగపూర్‌కు వలస పోతూనే ఉన్నారు; వారికి ఇదీ ఒక దారి కాగలదు. విమానాల ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతుకు భారత పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే బీ2 లైసెన్సుకు ప్రత్యేక చదువు, అనుభవం కావాలి గాని, దానికి పునాది అయిన చేతిపనికి ప్లైవుడ్ పలక, క్రింపింగ్ పనిముట్టు, మల్టీమీటరు, ఓపిక గల గురువు ఉంటే చాలు. టెక్కలి ఇంజినీరింగ్ కళాశాల, చుట్టుపక్కల ఐటీఐలు ఈ పనిముట్లతో కూడిన ఒక బల్లను తమ ప్రయోగశాలల్లో ఏర్పాటు చేయాలి.