రెండు సమాధులు, రెండు ఆరాధనలు

యెరూషలేములో యేసు ప్రభువును సమాధి చేసిన చోటని చూపించే స్థలాలు రెండున్నాయి. ఒకటి పాత పట్టణం గోడల లోపలున్న పరిశుద్ధ సమాధి మందిరం. రెండోది దమస్కు గుమ్మం దాటాక, బస్టాండు పక్కనున్న తోట సమాధి. చిలకలూరిపేట నుంచి స్నేహితులం కలిసి వెళ్ళి రెండూ ఒకే రోజు చూశాం. మాలో లూథరన్లున్నారు, ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్ళున్నారు, బాప్టిస్టు ఒకడున్నాడు. మా ప్రాంతంలో ఇన్ని శాఖల వాళ్ళుండడం వింతేమీ కాదు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో పల్నాడు వెళ్ళి గురజాలలో పని మొదలుపెట్టాడు. ఫిరంగిపురంలో కతోలికుల బాలయేసు గుడి, కార్మెల్ మాత కొండ ఉన్నాయి. ఒంగోలు వైపు గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్టిస్టులు ముంచి బాప్తిస్మమిచ్చారు. పక్కపక్క వీధుల్లోనే పెరిగినా ఒకరి గుడిలోకి ఒకరు పెళ్ళికో చావుకో తప్ప వెళ్ళం. ఆ దూరం తగ్గించింది ఈ ప్రయాణమే.

సమాధి మందిరంలో అడుగు పెట్టగానే ఎదురుగా ఎర్రని రాతి పలక ఉంటుంది. సిలువ మీంచి దించిన దేహానికి సుగంధద్రవ్యాలు పూసిన చోటికి అది గుర్తు. ఇప్పుడున్న పలక 1810 నాటిది. భక్తులు దానిమీద నూనె పోస్తారు, రుమాలుతో అద్దుతారు, ఆ రుమాలు మడిచి ఇంటికి తీసుకెళ్తారు. కుడివైపు నిటారు మెట్లెక్కితే కల్వరి. అక్కడ గ్రీకుల బలిపీఠం కింద మోకరించి, గుండ్రటి రంధ్రంలో చెయ్యి పెడితే వేళ్ళకు కొండరాయి తగులుతుంది. కిందికి దిగి సమాధి గదికి వస్తే గుమ్మం పొట్టిది, తల వంచక తప్పదు. లోపల ముగ్గురు నలుగురికే చోటు. పాలరాతి మీద నుదురు ఆనించేలోపే గుమ్మం దగ్గరున్న సన్యాసి త్వరపెడతాడు.

"రాయికి ముద్దులేంటిరా? వాక్యంలో ఎక్కడుంది?" అని మా బాప్టిస్టు మిత్రుడు అడిగేశాడు. ఆర్‌సీఎం మిత్రుడు తడుముకోలేదు. "ఆయన శరీరంతో వచ్చాడని నువ్వూ నమ్ముతావు గదా. మరి మన శరీరంతో మొక్కితే తప్పేంటి?"

ఆ ఒక్క మాటలో కతోలిక, ఆర్థడాక్సు ఆరాధన పద్ధతంతా ఉందని నాకనిపించింది. అక్కడ మోకాళ్ళు, చేతులు, పెదవులు, ముక్కుకు తగిలే సాంబ్రాణి, అన్నీ ప్రార్థనలో పాలుపంచుకుంటాయి. గుణదలలో కొండెక్కి మరియమాతకు తలనీలాలిచ్చి కొవ్వొత్తి వెలిగించే తల్లికి చదువు లేకపోవచ్చు. ఆమె ప్రార్థనకు మాత్రం లోటు లేదు. ఒళ్ళు చేసే ప్రార్థనను మూఢత్వమని కొట్టిపారేసే అలవాటు మన సంఘాల్లో ఉంది. అది మానుకోవాలి.

ఈ మందిరాన్ని గ్రీకు ఆర్థడాక్సులు, కతోలికులు, ఆర్మీనియన్లు, కోప్తులు, ఇథియోపియన్లు, సిరియన్ ఆర్థడాక్సులు పంచుకుంటారు. ఎవరు ఏ దీపం వెలిగించాలో, ఏ మెట్టు ఊడవాలో కట్టుబాట్లున్నాయి. తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గరుంటుంది, తలుపు తీసేది మరో ముస్లిం కుటుంబం. ఆ శాఖల మధ్య తగాదాలు నిజమే. కానీ 335లో ప్రతిష్ఠించి, 1009లో నేలమట్టమై, 1149లో క్రూసేడర్ల చేతుల మీదుగా మళ్ళీ ప్రతిష్ఠ జరుపుకొన్న గుడి ఇది. ఇన్ని శాఖలు ఒకే కప్పు కింద ఇన్ని వందల ఏళ్ళు ఆరాధన సాగించడమే నాకు గొప్పగా తోచింది.

తోట సమాధిలో ఇవేవీ కనపడవు. బలిపీఠం లేదు, దీపాలు లేవు. చెట్లు, బెంచీలు, రాతిలో తొలిచిన ఖాళీ గది, పక్కన కపాలంలా కనిపించే కొండచరియ. 1883లో బ్రిటిష్ సేనాని జనరల్ గోర్డన్ ఆ చరియే గొల్గొతా, అంటే కల్వరి, అన్నాక ఈ చోటికి పేరొచ్చింది. 1894లో బ్రిటన్‌లో ఏర్పడిన సంఘం తోటను కొని నేటికీ నడుపుతోంది. ఇక్కడి పద్ధతి వేరు. ముందు కూర్చోబెడతారు. యోహాను సువార్తలోని సమాధి ఘట్టం చదువుతారు. కాసేపు మౌనం. తర్వాత ఎవరి భాషలో వాళ్ళు పాట. మేం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల నుంచి ఒకటి అందుకున్నాం. ఆ తర్వాత రొట్టె, ద్రాక్షరసం. చివర్న లోపలికెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. ఈ వరుస చాలా ఆలోచించి పెట్టింది. కంటికి పని తగ్గించి చెవికి పని పెడతారు. వాక్యం మనసులో నిండాక ఖాళీ గది చూస్తే ఆ ఖాళీయే పునరుత్థానం గురించి మాట్లాడుతుంది. పొద్దున రాయిని ముద్దాడిన ఆర్‌సీఎం మిత్రుడు ఇక్కడ చాలాసేపు లేవలేదు.

అసలుది ఏదని అడిగితే ఆధారాలు మందిరం వైపే మొగ్గుతాయి. ఇప్పుడది గోడల లోపలున్నా, సిలువ నాటికి ఊరి బయటే. ఆ పక్కకు గోడ కట్టింది ఆ తర్వాత కొన్నేళ్ళకు, హేరోదు అగ్రిప్ప కాలంలో. ఆవరణలోనే మొదటి శతాబ్దపు సమాధులున్నాయి. 2016లో పాలరాతి పలక తీసినప్పుడు అడుగున సున్నపురాతి పడక కనిపించింది, గచ్చు నమూనా సుమారు 345 నాటిదని తేలింది. తోటలోని గది క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ళ ముందుదని పురావస్తు పండితుడు గాబ్రియేల్ బార్కాయ్ చెప్పాడు. అయినా అక్కడ జరిగే ప్రార్థన విలువ రాతి వయసును బట్టి తగ్గదు.

యెరూషలేము యాత్రకు 2019లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం పెంచింది: ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్నవారికి 60,000 రూపాయలు, ఆ పైవారికి 30,000. పరిస్థితులు కుదిరి వెళ్ళేవాళ్ళు సొంత సంఘం వాళ్ళతోనే వెళ్ళకండి, పక్క గుడి స్నేహితుణ్ణి కూడా పిలవండి. ప్రయాణం ఏర్పాటు చేసేవాళ్ళు ఒక్క సమాధినే చూపిస్తామంటే ఒప్పుకోకండి. మందిరానికి తెల్లవారుజామునే వెళ్తే రద్దీ తక్కువ. తోట సమాధి ఆదివారం మూసి ఉంటుంది.