సంగటి కెలికే చెయ్యి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పదిమందికి కడుపునిండా పెట్టాలంటే సంగటి చేయడం వచ్చిన మనిషి ఉండాలి. ఊళ్లో దాతలు బియ్యం, రాగిపిండి, చెనిక్కాయలు ఇస్తారు. కాలేజీ పిల్లకాయలు నీళ్లు మోస్తారు, వడ్డిస్తారు. పొయ్యి ముందు మాత్రం పెత్తనం వంటావిడదే, అలాగే ఉండాలి కూడా.

బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని నడిమధ్యన కుప్పగా పోస్తుంది. వెంటనే కలిపితే ఉండలు కడుతుంది. కట్టె మొనతో కుప్పలో బొక్కలు పొడిచి, మంట తగ్గించి, మూత పెడుతుంది. కుర్రాళ్లు తొందరపడేది ఇక్కడే.

"ఇంగ కెలకొచ్చునా అక్కా?"

"ఉండబ్బయా, ఇంకా ఆవిరి రాలే."

ఆవిరి వచ్చాక ఇద్దరు గిన్నె కదలకుండా పట్టుకుంటారు. ఆమె రెండు చేతులా కట్టె పట్టి, అడుగునుంచి పైకి నొక్కి తిప్పుతుంది. తడివేలితో తాకితే అంటుకోకూడదు; అంటితే ఇంకాసేపు మగ్గాలి. చేతులు తడుపుకుని వేడివేడిగా ముద్దలు చుట్టడం ఇంకా కష్టం. కుర్రాళ్లకు అది ఒక్కరోజులో పట్టుబడదు.

ఒకప్పుడు పేద విద్యార్థులు వారాలు చేసుకుని, రోజుకో ఇంట్లో తిని చదువుకునేవారు. 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఇప్పుడు ఇలా ఇరుగుపొరుగుకు వడ్డించే వంతు పిల్లలకూ వచ్చింది.

సంగటికి తోడుగా చెనిక్కాయల పచ్చడి ఊరిబిండికే నా ఓటు. అందులో టమోటా పడితే మరీ రుచి. 2023 జూలైలోలా మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటితే మాత్రం చింతపండుతో సరిపెట్టుకోవాల్సిందే.