తీగల్లో ఏం పోతోంది?

2022 జనవరి 23, ఆదివారం. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడ్డ దొంగలు 12.48 కోట్ల రూపాయలు మళ్లించడం మొదలుపెట్టారు. సొమ్ము ముందు 115 ఖాతాల్లోకి, అక్కడి నుంచి 398 ఖాతాల్లోకి పాకిపోయింది. ఆ వార్త అందరూ చదివారు. నెట్‌వర్క్ పని చేసేవాడిగా నాకు మాత్రం అంతకు ముందు గడిచిన రెండు నెలలే ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉన్నాయి. 2021 నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయని, వాటిని తెరవడంతోనే దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే మాల్‌వేర్ లోపలికి దిగిందని పోలీసులు చెప్పారు. అలాంటి మాల్‌వేర్ మౌనంగా ఉండదు. తనను పంపినవాడికి కబురు పంపుతుంది, ఆజ్ఞలు అందుకుంటుంది, పక్క కంప్యూటర్ల తలుపులు తట్టి చూస్తుంది. ఇదంతా సాగేది బ్యాంకు సొంత తీగల మీదే. కనిపెట్టే కన్నే అక్కడ లేదు.

చొరబాటును పసిగట్టే వ్యవస్థ లేదని, హెడ్డాఫీసూ శాఖలూ విడదీయకుండా ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయని దర్యాప్తులో బయటపడింది. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది.

ఇది పట్నం ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. గాయత్రి కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు పుట్టింది జగిత్యాలలో. సిరిసిల్ల నేతన్నలకూ తమ ఊరి పేరుతోనే అర్బన్ బ్యాంకు ఉంది. కోరుట్ల ఇళ్లకు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు, సొసైటీల్లో వడ్ల కొనుగోలు లెక్క, దవాఖానల్లో స్కానింగ్ రిపోర్టులు, అన్నీ ఇప్పుడు నెట్‌వర్క్ మీదే నడుస్తున్నాయి. భద్రత మాట ఎత్తితే మాత్రం ప్రతిచోటా వచ్చే జవాబు ఒకటే: “ఫైర్‌వాల్ పెట్టించినం సార్.” పెట్టించడం మంచిదే. కానీ ఫైర్‌వాల్ గేటు దగ్గర ఉంటుంది. మెయిల్ ద్వారా ఒకసారి లోపలికి వచ్చినవాడు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పోతుంటే, ఆ రాకపోకలు గేటు దాకా రానే రావు.

అందుకే నేను ఫ్లో రికార్డుల గురించి ఇంత పట్టుబడతాను. ఏ యంత్రం, ఏ యంత్రంతో, ఎప్పుడు, ఏ పోర్టులో, ఎంత డేటా మార్చుకుంది అన్నదే ఆ రికార్డు. సిస్కో 1990ల్లోనే నెట్‌ఫ్లో పేరుతో దీన్ని తెచ్చింది. సిరిసిల్ల కార్ఖానాలో ఒక్క కార్మికుడు ఎన్నో సాంచాలు, అంటే మరమగ్గాలు, చూసుకుంటాడు. ప్రతి పోగునూ చూస్తూ కూర్చోడు, చప్పుడు మారిన సాంచ దగ్గరికి పోతాడు. మామూలు చప్పుడు ఏదో తెలిసినవాడికే మారిన చప్పుడు తెలుస్తుంది. నెట్‌వర్క్‌లో కూడా ముందు కొన్ని వారాలు మామూలు రోజు ఎలా ఉంటుందో రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత అర్ధరాత్రి అకౌంట్స్ కంప్యూటర్ విదేశీ చిరునామాకు ప్రతి పది నిమిషాలకూ చిన్న ప్యాకెట్ పంపుతుంటే అది కంట్లో పడుతుంది.

మన ఊళ్లలో నన్ను ఎక్కువగా భయపెట్టేది సీసీటీవీ డీవీఆర్. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకుండా, బిల్లింగ్ కంప్యూటర్లున్న స్విచ్‌కే దాన్ని తగిలిస్తారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో పట్టుకుని, అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను కూడా స్తంభింపజేసింది. డీవీఆర్‌కు బిల్లింగ్ సర్వర్‌తో పనేముంది? ఆ రెండింటి మధ్య ఒక్క ఫ్లో కనిపించినా ఆరా తీయాల్సిందే.

ఇప్పుడు ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కదా, చూసి ఏం లాభమని అడుగుతారు. లోపలి మాట కనిపించదు, నిజమే. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో కనిపిస్తుంది, పట్టుకోవడానికి చాలాసార్లు అంతే చాలు. పైగా ఉద్యోగి సొంత మెసేజ్‌లు చదవాల్సిన అవసరమే రాదు. నేను చెప్పే నిఘా యంత్రాల మీద. అదైనా సిబ్బందికి ముందే చెప్పి పెట్టాలి, దొంగచాటుగా పెట్టడం తప్పు.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. ట్రాఫిక్ నకలు ఇచ్చే మిర్రర్ పోర్టు ఉన్న మేనేజ్డ్ స్విచ్ ఒకటి, ఓ మోస్తరు కంప్యూటర్ ఒకటి చాలు. ఆ ట్రాఫిక్‌ను గమనించే జీక్, సురికాటా అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితంగా దొరుకుతాయి. నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీలో చదువుకునే పిల్లలకు ఇది నేర్పితే ఈ మూడు ఊళ్లలోనే వాళ్లకు చేతినిండా పని ఉంటుంది. దొరకనిది రోజూ ఓ అరగంట ఆ రికార్డు తెరిచి చూసే మనిషి. ఆ అరగంటకు జీతం ఇవ్వడానికే మన సంస్థలకు చేతులు రావు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు సమాచారం ఇవ్వాలి. దాచడమే సరిపోదు, చూడకపోతే దాడి జరిగినట్టు తెలిసేదెట్లా?

సహకార బ్యాంకులోనో సొసైటీలోనో వాటా ఉన్నవాళ్లకు నా విన్నపం ఒకటి. వచ్చే మహాజన సభలో డివిడెండ్ గురించి అడిగాక లేచి ఇంకో ప్రశ్న కూడా వేయండి: నిన్న రాత్రి మన కంప్యూటర్లు బయట ఎవరెవరితో మాట్లాడాయో చూసినవాళ్లు ఎవరు?