పాట ఎవరి ఆస్తి?

స్వతంత్ర సంగీతం గురించి రాస్తున్నవాళ్లలో కొందరు సినిమా నుంచి విడివడటాన్నే స్వేచ్ఛగా లెక్కిస్తున్నారు. ఆ లెక్క చాలదని నా అభిప్రాయం. తమిళ ర్యాప్ కవి అరివు అనుభవమే ఇందుకు సాక్ష్యం.

దర్శకుడు పా. రంజిత్ చొరవతో 2017లో ఏర్పడ్డ 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' చెన్నై వాడల గానా పాటకు ర్యాప్‌ను జోడించి కులాన్ని నేరుగా ప్రశ్నించింది. అరివు ఆ బృందంలోని గొంతు. 2021 మార్చిలో ధీతో కలిసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి'కి మాటలు అతనివి, సంగీతం సంతోష్ నారాయణన్‌ది. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసినా సెంటు భూమి దక్కని అవ్వ వల్లియమ్మాళ్ బతుకు దాని వస్తువు. చావింట పాడే ఒప్పారి ఛాయ దాని రూపంలో ఉంది. శోకానికి చిందు తోడైంది కనుకనే అది కోట్లమందికి చేరింది. అయితే ఆ చిందులో భూమి ప్రశ్న ఎందరికి వినపడింది?

అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, అరివు లేడు. విమర్శ వచ్చాకే అతనికి చోటు దొరికింది. ఆ పాట మీద తమ ముగ్గురికీ ఆదాయమే అందలేదని 2024 మార్చిలో సంతోష్ నారాయణన్ బహిరంగంగా చెప్పాడు. దున్నినవాడికి భూమి లేదని పాడిన పాటకే ఈ గతి పట్టింది.

2024లో వచ్చిన అరివు ఆల్బమ్ పేరు 'వల్లియమ్మ పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు. దీన్ని సొంత గోడుగా కొట్టిపారేయలేం. ఏ దస్తావేజులోనూ పేరెక్కని కూలీకి వారసుణ్ణని చాటడం వ్యక్తివాదం కాదు, హక్కు ప్రకటన. కానీ ప్రకటనతోనే హక్కు చేతికి రాదు. పాటను జనానికి చేర్చే సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది తేలనంతకాలం 'స్వతంత్ర' అన్నది విశేషణమే.