మిత్రబృందం - గోప్యత - నేరం: 'ది సీక్రెట్ హిస్టరీ' నవల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

విశ్వవిద్యాలయంలో కలిసి చదివిన మిత్రులు ఒక మరణ రహస్యాన్ని పంచుకోవడం ఆంగ్ల నేరకథా సాహిత్యంలో తరచుగా కనిపించే ఇతివృత్తం. అమెరికన్ రచయిత్రి డోనా టార్ట్ 1992లో ప్రచురించిన 'ది సీక్రెట్ హిస్టరీ' ఈ కోవకు చెందిన నవలల్లో ప్రసిద్ధమైనది. హంతకులెవరో మొదటి పుటల్లోనే చెప్పేసిన ఈ నవల ఉత్కంఠను ఎలా నిలుపుకుంది? కథకుని ఒప్పుకోలును పశ్చాత్తాపంగా స్వీకరించవచ్చునా? ఇందులో జరిగిన రెండు మరణాలకు సమానమైన విలువ దక్కిందా? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నేరకథ, కథకుడు, ఒప్పుకోలు, వర్గస్పృహ, సాధారణీకరణం, రసాభాస.

1. ఉపోద్ఘాతం:

నేరకథను తెలుగులో సాధారణంగా 'అపరాధ పరిశోధక నవల' అనీ, వాడుకలో 'డిటెక్టివ్ నవల' అనీ వ్యవహరిస్తున్నాం. ఈ రెండు పేర్లలోనూ ప్రాధాన్యం పరిశోధకునిదే. కొమ్మూరి సాంబశివరావు నవలలను పాఠకులు డిటెక్టివ్ యుగంధర్ పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. నేరం జరుగుతుంది, ఆధారాలు దొరుకుతాయి, పరిశోధకుడు వాటిని కలిపి దోషిని నిలబెడతాడు. చెదిరిన సామాజిక క్రమం తిరిగి కుదుటపడుతుంది. పాఠకుడు పరిశోధకుని పక్షాన నిలబడి చదువుతాడు కనుక అతనికి నైతికంగా ఇబ్బంది ఉండదు.

'ది సీక్రెట్ హిస్టరీ' ఈ చట్రంలో ఇమడదు. ఇందులో దర్యాప్తు అధికారులు ఉన్నారు గాని నేరాన్ని ఛేదించిన పరిశోధకుడు లేడు. కథ చెప్పేవాడు హత్యలో భాగస్వామి. అతని గొంతు తప్ప మరో గొంతు పాఠకునికి వినిపించదు. కనుక దీనిని 'అపరాధ పరిశోధన' అనడం కంటే 'అపరాధ కథనం' అనడం సముచితం. పేరులోని ఈ మార్పు విమర్శ పద్ధతిని కూడా మారుస్తుంది. ఆధారాలను ఎంత నేర్పుగా పేర్చారన్న పరిశీలన కంటే, చెప్పేవాడు దేనిని చెప్పాడు, దేనిని దాటవేశాడు అన్న పరిశీలన ఇక్కడ ముఖ్యమవుతుంది.

2. ఇతివృత్త పరిచయం:

కాలిఫోర్నియాలోని ప్లానో అనే చిన్న ఊరి నుంచి రిచర్డ్ పాపెన్ వెర్మాంట్ రాష్ట్రంలోని హాంప్డెన్ కళాశాలకు వస్తాడు. ఈ కళాశాల కల్పితం. రచయిత్రి స్వయంగా వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కళాశాలలో చదివారు. అక్కడ జూలియన్ మారో అనే ఆచార్యుడు గ్రీకు భాషా సాహిత్యాలను కొద్దిమందికి మాత్రమే బోధిస్తుంటాడు. హెన్రీ వింటర్, ఫ్రాన్సిస్ అబెర్నతీ, కవలలైన చార్లెస్, కమిల్లా, బనీ అని అందరూ పిలిచే ఎడ్మండ్ కోర్కొరన్ ఆయన శిష్యులు. రిచర్డ్ ఆరవవాడిగా ఆ బృందంలో చేరతాడు.

ప్రాచీన గ్రీకుల డయోనిసస్ ఆరాధనను తిరిగి అనుభవించాలన్న కోరికతో బనీ, రిచర్డ్ మినహా తక్కిన నలుగురూ ఒక రాత్రి అడవిలో ఉన్మత్తావస్థకు లోనవుతారు. ఆ స్థితిలో ఒక రైతు వారి చేతుల్లో మరణిస్తాడు. రోమ్ ప్రయాణంలో హెన్రీ దినచర్య పుస్తకం చదివిన బనీకి ఈ సంగతి తెలుస్తుంది. అప్పటినుంచి అతడు డబ్బు గుంజుతూ, దెప్పిపొడుస్తూ మిత్రులను వేధిస్తాడు. రహస్యం బయటపడుతుందన్న భయంతో వారు అతన్ని లోయలోకి తోసి చంపుతారు. నవల ప్రథమ భాగం అక్కడితో ముగుస్తుంది. ద్వితీయ భాగమంతా ఆ హత్య తరువాత మిగిలినవారి పతనం.

3. ఉత్కంఠ స్థానచలనం:

బనీ చనిపోయాడనీ, అందుకు తామే బాధ్యులమనీ కథకుడు ప్రస్తావనలోనే చెబుతాడు. 'ఎవరు చంపారు' అన్న ప్రశ్న ఆ విధంగా ఆదిలోనే రద్దయి, దాని స్థానంలో 'ఎందుకు చంపారు', 'చంపాక ఎలా బ్రతికారు' అన్న రెండు ప్రశ్నలు నిలుస్తాయి. మొదటి ప్రశ్న ప్రథమ భాగాన్నీ, రెండవది ద్వితీయ భాగాన్నీ నడిపిస్తాయి.

ఇదే ఇతివృత్తాన్ని వేరొక పద్ధతిలో నడిపిన నవల లూసీ ఫోలీ రాసిన 'ది హంటింగ్ పార్టీ' (2019). ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి చదివిన మిత్రులు నూతన సంవత్సర వేడుకకు స్కాట్లండ్ పర్వత ప్రాంతంలోని ఒక విడిదిలో కలుస్తారు. అందులో హంతకుడెవరో మాత్రమే కాదు, మరణించినది ఎవరో కూడా చాలాసేపు దాచి ఉంచబడుతుంది. పలువురు కథకులు వంతులవారీగా మాట్లాడుతారు. ప్రతి ఒక్కరూ కొంత దాస్తారు. ముడి విడిపోగానే ఉత్కంఠ తీరుతుంది, పఠనమూ పూర్తవుతుంది. టార్ట్ నవలలో విప్పవలసిన ముడి మొదటే విప్పబడింది కనుక రెండవసారి చదివినా ఆసక్తి తగ్గదు. పైగా రెండవ పఠనంలోనే కథకుని ఎత్తుగడలు స్పష్టమవుతాయి.

వాటిలో ముఖ్యమైనది బనీ పాత్రచిత్రణ. హత్యకు ముందు పుటల్లో అతని లోపాలు ఒక్కొక్కటిగా పేర్చబడతాయి. అప్పు తీర్చడు. ఫ్రాన్సిస్ స్వలింగాసక్తిని ఎగతాళి చేస్తాడు. రిచర్డ్ చెప్పుకునే సంపన్న నేపథ్యంలోని డొల్లతనాన్ని పసిగట్టి పొడుస్తాడు. లోయ దగ్గరికి వచ్చేసరికి పాఠకునికి అతని మీద జాలి సన్నగిల్లి ఉంటుంది. హత్య ముగిసిన తరువాత, అంత్యక్రియల ఘట్టంలో, బనీ చలోక్తులూ ఆత్మీయతా కథకునికి గుర్తుకు వస్తాయి. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. చంపడానికి ముందు ద్వేషింపజేసి, చంపాక దుఃఖింపజేయడం ద్వారా కథకుడు పాఠకుణ్ణి కూడా తమ బృందంలోకి చేర్చుకుంటాడు.

4. రససిద్ధాంత దృష్టి:

భారతీయ అలంకారశాస్త్రంలో భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం ఈ అనుభవాన్ని వివరించడానికి ఉపకరిస్తుంది. పాత్రగతమైన భావం వ్యక్తిగతమైన హద్దులు దాటి సహృదయునికి ఆస్వాద్యమవుతుందని ఆ సిద్ధాంతసారం. ఈ నవలలో పాఠకునికి సాధారణీకృతమయ్యేది హంతకుల భయం. ద్వితీయ భాగంలో ఎఫ్.బి.ఐ. అధికారులు ప్రశ్నలు వేసినప్పుడు నిజం బయటపడాలని కాక, బయటపడకూడదని పాఠకుడు కోరుకుంటాడు. అనౌచిత్యంగా ప్రవర్తిల్లిన భావం రసాభాస అవుతుందని ఆలంకారికులు చెప్పారు. ఆ లెక్కన ఇక్కడ కలిగేది భయానక రసం కాదు, భయానక రసాభాస.

అయితే రసాభాసను ఈ సందర్భంలో దోషంగా లెక్కించనవసరం లేదు. పాఠకుడు తన కోరికను తానే గమనించి ఉలిక్కిపడే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణాన్ని కల్పించడమే రచన ప్రయోజనం. సాధారణ డిటెక్టివ్ నవల ఇవ్వలేని ఎరుక అది.

5. అసలు రహస్యం - వర్గస్పృహ:

నవలలో అందరూ ఏదో ఒకటి దాస్తారు. రిచర్డ్ దాచినది మాత్రం నేరం కంటే ముందునుంచీ ఉన్నది. అతని తండ్రి పెట్రోలు బంకు నడుపుతాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి రిచర్డ్ తనకొక వైభవోపేతమైన బాల్యాన్ని కల్పించుకుంటాడు. శీతాకాలపు సెలవుల్లో వెళ్లడానికి చోటు లేక, పైకప్పుకు కంత ఉన్న గదిలో చలికి చావు అంచుదాకా వెళతాడు గాని, సాయం కావాలని మిత్రుల్లో ఎవరినీ అడగడు. అడిగితే అబద్ధం బయటపడుతుంది. హెన్రీ వచ్చి అతన్ని కాపాడుతాడు.

నవల కార్యకారణ సంబంధంలో ఈ ఘట్టం కీలకం. అప్పటినుంచి రిచర్డ్ హెన్రీకి ఋణపడి ఉంటాడు. రైతు మరణం గురించి తెలిసినప్పుడు అతడు మౌనం వహించడానికీ, బనీ తాగిన మత్తులో రహస్యం వెళ్లగక్కినప్పుడు ఆ సంగతి హెన్రీకి చేరవేయడానికీ మూలం ఇక్కడే ఉంది. బృందంలోంచి వెలివేయబడతానన్న భయం అతనిలో న్యాయబుద్ధిని మించిపోయింది. సుందరమైన వాటిపట్ల వ్యామోహమే తన లోపమని రిచర్డ్ తొలి అధ్యాయంలో చెప్పుకుంటాడు. గ్రీకు విషాదాంత నాయకుని ప్రమాదకరమైన లోపాన్ని తలపించే ఈ మాట వినడానికి ఉదాత్తంగా ఉంది. కాని అతని చర్యలను వరుసలో పెట్టి చూస్తే సౌందర్య వ్యామోహం అన్నది వర్గన్యూనతకు తొడిగిన అందమైన ముసుగుగా తేలుతుంది. తన లోపాన్ని తానే ఒప్పుకుంటున్నట్లు కనిపిస్తూ, దానికి మెరుగైన పేరు పెట్టుకోవడం ఈ కథకుని అలవాటు.

6. రెండు మరణాలు - రెండు విలువలు:

బనీ కనిపించకుండా పోయినప్పుడు కళాశాల మొత్తం కదులుతుంది. గాలింపు బృందాలు, పత్రికలు, టెలివిజన్, ఎఫ్.బి.ఐ. అన్నీ వస్తాయి. మంచు కరిగి శవం దొరికాక అంత్యక్రియల వర్ణన విస్తారంగా సాగుతుంది. వీటన్నిటికీ కారణమైన రైతు మరణానికి నవలలో దక్కిన చోటు అత్యల్పం. అతని కుటుంబం, ఇల్లు, పొలం గురించి మిత్రులెవరూ తలచుకుని బాధపడిన దాఖలా లేదు. వారికి అది దొరికిపోతామేమోనన్న సమస్య మాత్రమే. యూరిపిడీస్ 'బాకే' నాటకంలో ఉన్మాదం తగ్గాక ఎగేవ్ తాను చంపినది కన్నకొడుకునని తెలుసుకుని కుమిలిపోతుంది. ఆ నాటక ప్రపంచంలో తలమునకలైన ఈ విద్యార్థులు ఉన్మాదాన్ని అనుకరించారు గాని, ఆ గుర్తింపు ఘట్టాన్ని అనుకరించలేదు.

ఈ మౌనం పాత్రలదా, రచయిత్రిదా అన్నది విమర్శకులు తేల్చవలసిన విషయం. రిచర్డ్ ఏకైక కథకుడు కనుక మౌనం అతనిదేనని సమర్థించవచ్చు. బనీ కోసం జరిగిన హడావుడినీ, రైతు విషయంలోని నిశ్శబ్దాన్నీ ఒకే నవలలో పక్కపక్కన నిలబెట్టడం వ్యంగ్యాన్ని ధ్వనింపజేస్తుంది. కాని ధ్వనికి ఆలంబనగా కనీసం ఒక సన్నివేశం కావాలి. రిచర్డ్ మౌనాన్ని ప్రశ్నించే గొంతు ఒక్కటైనా వినిపించి ఉంటే ఆ వ్యంగ్యం బలపడేది. కమిల్లా విషయంలోనూ ఇదే కొరత. బృందంలోని ఏకైక స్త్రీ ఆమె. రిచర్డ్ ఆరాధనా దృష్టిలోంచి తప్ప ఆమె అంతరంగం పాఠకునికి అందదు. ఇవి నవల పరిమితులుగా గుర్తించవలసినవి.

7. గురువు బాధ్యత - సత్యం, సౌందర్యం:

విశ్వవిద్యాలయ నేపథ్యాన్ని నేరకథకు వాడుకున్న పూర్వరచనల్లో డొరొతీ సేయర్స్ రాసిన 'గాడీ నైట్' (1935) పేర్కొనదగినది. ఆక్స్‌ఫర్డ్‌లోని కల్పిత మహిళా కళాశాలకు పూర్వవిద్యార్థినిగా వచ్చిన హ్యారియెట్ వేన్, అక్కడ ఆకాశరామన్న ఉత్తరాల ఉదంతాన్ని పరిశోధిస్తుంది. అందులో హత్య జరగదు. సిద్ధాంతవ్యాసంలో తన వాదానికి వ్యతిరేకమైన ఆధారాన్ని దాచిన ఒక పరిశోధకుని మోసం బయటపడి, అతడు ఆత్మహత్య చేసుకోవడం ఆ కథకు మూలం. అతని భార్య పగ తీర్చుకోవడానికి కళాశాలలో పనిమనిషిగా చేరుతుంది. మోసాన్ని బయటపెట్టిన ఆచార్యురాలిది తప్పు కాదని సేయర్స్ నిలబడుతూనే, ఆ సత్యానికి మూల్యం చెల్లించినవారి గోడును కూడా వినిపించింది.

టార్ట్ నవలలో ఈ సమతూకం లేదు. జూలియన్ నామమాత్రపు జీతం పుచ్చుకుంటూ, శిష్యులను ఇతర అధ్యాపకులకు దూరం చేసి తన గదికే పరిమితం చేస్తాడు. ఆయన బోధనలో సౌందర్యం ఉంది, బాధ్యత లేదు. చనిపోకముందు బనీ రాసిన ఉత్తరం ఆలస్యంగా ఆయనకు అందుతుంది. మొదట కల్పితమని కొట్టిపారేసినా, అది నిజమైనదని తెలిసిన తరువాత ఆయన పోలీసులకు చెప్పడు, శిష్యులను మందలించడు. కళాశాల వదిలి వెళ్లిపోతాడు. హెన్రీ తుపాకీతో కాల్చుకుని మరణించడానికి ముందే గురువు చేసిన ఈ పలాయనం బృందాన్ని లోపలినుంచి కూల్చివేస్తుంది.

అధ్యాపక వృత్తిలో ఉన్నవారికి నవలలో అత్యంత కలవరపరిచే పాత్ర హెన్రీ కాదు, జూలియన్. నేరం చేయమని ఆయన చెప్పలేదు. సాధారణ మనుషుల లోకం తక్కువదనే భావాన్ని పాఠంగా చెప్పాడు. ఆ లోకానికి చెందిన రైతు చనిపోయినప్పుడు శిష్యులకు దుఃఖం కలగకపోవడానికి ఆ పాఠం కారణం కాదని అనలేం.

8. ముగింపు:

నవల చివరకు మిగిలిన మిత్రులు చెల్లాచెదురవుతారు. చార్లెస్ తాగుడుకు బానిసవుతాడు. ఫ్రాన్సిస్ ఆత్మహత్యకు ప్రయత్నించి బ్రతికి, తాతగారి ఒత్తిడికి లొంగి ఇష్టంలేని వివాహానికి సిద్ధపడతాడు. హెన్రీనే ప్రేమించానని చెప్పి కమిల్లా రిచర్డ్‌ను నిరాకరిస్తుంది. చట్టం ఎవరినీ శిక్షించదు. ఇంతవరకు చేసిన పరిశీలన వల్ల ఈ అంశాలను నిర్ధారించవచ్చు.

• హంతకుల పేర్లు ముందే చెప్పడం వల్ల ఉత్కంఠ నశించలేదు. అది సంఘటన నుంచి కథకుని విశ్వసనీయతకు మారింది.

• రిచర్డ్ ఒప్పుకోలులో నిజాయితీ ఉంది గాని పశ్చాత్తాపం పూర్తిగా లేదు. పశ్చాత్తాపానికి తొలి గుర్తు హతుణ్ణి తలచుకోవడం. అతడు బనీని తలచుకున్నాడు, రైతును మరచిపోయాడు.

• మిత్రబృందాన్ని కలిపి ఉంచినది స్నేహం కంటే గోప్యత. ఆ గోప్యతకు పునాది వర్గపరమైన సిగ్గు, ఆధిక్యభావం.

• తెలుగులో నేరకథా విమర్శ పరిశోధకుని చాతుర్యం దగ్గర ఆగిపోకుండా, చనిపోయినవారికి కథనంలో దక్కిన చోటును కూడా కొలవవలసి ఉంది. సాధారణీకరణం, రసాభాస వంటి భావనలు అందుకు తగిన పనిముట్లు కాగలవు.