మయసభలో అడగని ప్రశ్న

తెలుగులో వస్తున్న అమెరికా యాత్రారచనల్లో లాస్ వేగాస్ అధ్యాయం ఒక ఆనవాయితీ అయింది. పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు, సభలకు వెళ్ళిన రచయితలు అక్కడి జూదపు హోటళ్ళలో ఒకటి రెండు రాత్రులు బస చేస్తారు. తిరిగి వచ్చి పిరమిడ్ ఆకారపు హోటల్‌నూ, మేడమీద పారే కాలువనూ, పైకప్పు మీద చిత్రించిన ఆకాశాన్నీ వర్ణిస్తారు. ‘మయసభ’ అన్న ఉపమానం ఎలాగూ వస్తుంది. చివర జూదం చెడ్డదన్న నీతివాక్యం ఒకటి. ఈ రచనల్లో అబద్ధం లేదు. అయినా ఇవి వాస్తవాన్ని చెప్పవు. ఎందుకు చెప్పవో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు వస్తువును చూద్దాం. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. 1966లో సీజర్స్ ప్యాలెస్ రోమ్ వేషంలో వచ్చింది. 1993లో లక్సర్ 30 అంతస్తుల నల్లగాజు పిరమిడ్‌గా లేచింది. 1999లో వెనీషియన్ కాలువలతో, పడవలతో, అదే ఏడాది ‘పారిస్’ సగం ఎత్తు ఈఫెల్ టవర్‌తో తెరుచుకున్నాయి. వేషాలు వేరు, లోపలి ఏర్పాటు ఒకటే. గదికి వెళ్ళాలన్నా, భోజనానికి వెళ్ళాలన్నా సాధారణంగా జూదశాల పక్కనుంచే నడవాలి. అక్కడి రూలెట్ చక్రంలో మామూలుగా 38 గళ్ళుంటాయి. ఒక అంకె మీద కాసి గెలిచినవాడికి దక్కే లాభం 35 రెట్లు. అంటే కాసిన ప్రతి 100 డాలర్లలో సగటున 5 డాలర్ల 26 సెంట్లు యజమానికి మిగులుతాయి. సారం ఇది. పిరమిడ్, కాలువ, టవర్ ఆ లెక్కకు తొడిగిన రూపాలు.

రూపం సారాన్ని వ్యక్తం చేయాలని మనం విద్యార్థులకు పాఠం చెబుతాం. ఇక్కడ రూపం పని సారాన్ని మరుగుపరచడం. అందుకోసం చరిత్రను అరువు తెచ్చుకున్న తీరు కూడా గమనార్హం. రాళ్ళు మోసినవాళ్ళు లేని పిరమిడ్, బానిసలు లేని రోమ్! అతిథి ఒక రాత్రికి సీజరవుతాడు. బానిస కావడానికి ఎవరూ గది అద్దెకు తీసుకోరు గదా.

దోస్తోయెవ్‌స్కీ ‘జూదరి’ని 1866లో, ప్రచురణకర్తతో చేసుకున్న ఒప్పందం మెడమీద కత్తిలా ఉండగా, 26 రోజుల్లో చెప్పి రాయించాడు. ఒక హోటలు, ఒక జూదశాల – దాదాపు కథంతా వీటి చుట్టూనే. అందులో కథకుడు మొదట్లోనే పత్రికా రచయితలను ఎత్తిపొడుస్తాడు. రైన్ తీరపు జూదశాలల వైభవాన్నీ, బల్లల మీది బంగారపు గుట్టలనూ వాళ్ళు ఎవరూ డబ్బివ్వకుండానే పొగుడుతారట. తనకు మాత్రం ఆ పనికిమాలిన హాళ్ళలో ఏ వైభవమూ కనిపించలేదట. మన యాత్రారచనలను 150 ఏళ్ళు ముందుగానే సమీక్షించినట్టుంది! ఆ నవలలో ముసలి బామ్మ పరివారంతో దిగితే, ఆ ఆర్భాటం చూసి హోటలు అత్యుత్తమమైన గదులిస్తుంది. తర్వాత రూలెట్ ఆమె సొమ్మంతా లాగేసుకుంటుంది. మర్యాదకూ దోపిడికీ ఉన్న సంబంధం పాత్రల నడవడిలోనే తెలిసిపోతుంది. నీతివాక్యం అవసరం రాలేదు.

మయసభ ఉపమానం వాడేవారు సభాపర్వాన్ని మధ్యలోనే మూసేస్తున్నారు. నన్నయ తెనిగించిన ఆ పర్వంలో మయసభ వింతలు ముందు, జూదం తర్వాత. నేలను నీరనుకుని, నీటిని నేలనుకుని భంగపడిన దుర్యోధనుడు తిరిగి వెళ్ళాకే హస్తినలో మరో సభ లేస్తుంది, పాచికలు దొర్లుతాయి. కావ్యం అక్కడా ఆగదు. ధర్మరాజు ముందు ఓడింది తన్నా, నన్నా అని ద్రౌపది అడుగుతుంది. ఒకరి పందెంలో మరొకరి బతుకును ఒడ్డే హక్కు ఎవరిచ్చారన్నదే ఆ ప్రశ్న. మన యాత్రికులు సభను వర్ణించి, ప్రశ్నను వదిలేశారు.

లాస్ వేగాస్‌లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేకపోలేదు. ఫ్రాంటియర్ హోటలు 1942లో కౌబాయిల పడమటి సీమ వేషంతో మొదలైంది. అక్కడ 1991 సెప్టెంబర్ 21న వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, గదులు శుభ్రం చేసేవాళ్ళు సుమారు 550 మంది సమ్మెకు దిగారు. సమ్మె ఆరేళ్ళకు పైగా సాగింది. ఒక్కరు కూడా సమ్మె విడిచి లోపలికి పోలేదు. యాజమాన్యం చేతులు మారాక, 1998లో వాళ్ళు గెలిచి పనిలోకి వెళ్ళారు. ఇక వెనీషియన్ సంగతి. హోటలు ముందున్న కాలిబాట తమ సొంతమనీ, కార్మికులు అక్కడ ప్రదర్శన చేయరాదనీ యాజమాన్యం 1999లో కోర్టుకెక్కింది. ఆ కాలిబాట మీద ప్రజలకు హక్కుందని 2001లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ హోటల్లో మొదటి యూనియన్ ఒప్పందం తెరిచిన 25 ఏళ్ళకు, 2024లో కుదిరింది. నేను చదివిన యాత్రారచనల్లో కాలువ ఉంది, కాలిబాట లేదు.

మన విమర్శలోనూ లోపం ఉంది. ‘ధనస్వామ్యపు కుళ్ళు’ అని ఒక్క మాటతో తోసిపుచ్చి ఊరుకుంటాం. రాబర్ట్ వెంచురీ, డెనీస్ స్కాట్ బ్రౌన్, స్టీవెన్ ఐజెనోర్ 1972లో లాస్ వేగాస్ మీద రాసిన పుస్తకంలో, సామాన్యులు ఇష్టపడే కట్టడాలను ఛీత్కరించకుండా పరిశీలించాలన్నారు. అది సబబైన మాటే. ఏడాదంతా చాకిరీ చేసి రెండు రాత్రులు ఆ వెలుగులో గడపాలనుకునే గుమస్తాను ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. అయితే ఆ పుస్తకం సైన్‌బోర్డులను చదివినంత శ్రద్ధగా వాటి వెనక ఉన్న శ్రమను చదవలేదు.

అక్కడ బస చేసే రచయితను ఉపన్యాసం ఇమ్మని ఎవరూ కోరడం లేదు. ఊరు చూసి గదికి తిరిగి వచ్చేసరికి పక్క సర్ది ఉంటుంది. సర్దింది ఎవరు? రోజుకు ఎన్ని గదులు సర్దాలి? ఆమె చేతికి వచ్చేది ఎంత? ఈ మూడూ తెలుసుకుని రాసిన ఒక్క పేజీ, పిరమిడ్ మీద రాసిన పది పేజీలకన్నా ఎక్కువ చెబుతుంది. ఆ పేజీ కోసం మన యాత్రాసాహిత్యం ఇంకా ఎదురుచూస్తోంది.